ఓగ్న్యాన్ జవాబులు

రూసె,
మార్చి మొదటి వారం

స్తామెన్‌కి,

ఈ కవరు లావు చూసి పోస్టాఫీసు ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. లోపల ప్రూఫు కాగితాలున్నాయి. ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం కూడా పెట్టాను, మార్చి ఆనవాయితీ తప్పకూడదు, మణికట్టుకి కట్టుకో. కొంగ కనబడ్డాక విప్పి ఏ చెట్టుకైనా కట్టెయ్యి. సోఫియాలో కొంగలెక్కడివి అంటావేమో, మీ ఆఫీసు కిటికీలోంచి చూడు. పని తప్ప అన్నీ కనబడే కిటికీ అది.

కాగితాల్ని ఎప్పటిలాగే ఎర్ర పెన్సిల్‌తో దిద్ది తిప్పి పంపు. తెర మీద చూసి సరే అనకూడదు, అచ్చువేసి ఇంకొకరి కంటికి చూపించాలి అన్నది మీ అన్నయ్య పెట్టిన నియమం కదా. మనిషి పోయి ఏడాది దాటింది, నియమం మాత్రం పోలేదు. ఫాంట్‌కి ఒడ్డు అని అర్థం వచ్చేలా బ్రియాగ్ అని పేరు పెట్టినప్పుడు, దునవ్ నది ఒడ్డున కూర్చుని ఇద్దరం హాయిగా గీసుకోవచ్చని అన్నాడు. ఇప్పుడు ఒడ్డున కూర్చున్నది నేనొక్కదాన్నే, హాయి సంగతి అడగకు.

మొన్న ప్రెస్సులో మా యజమాని, పెద్దాయన దోబ్రి అడిగాడు: "ఇక్కడ రోజంతా అక్షరాలే, ఇంటికెళ్ళీ అక్షరాలేనా? ఏం చేస్తుంటావమ్మా?"

చెప్పాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళు సమానం గుర్తు కొడతారు, దాని పక్కన 'కన్నా పెద్దది' అనే గుర్తు కొడతారు. రెండూ కలిస్తే బాణం అని మనసులో అనుకోవాలి. మా ఫాంట్ పెట్టుకుంటే తెర మీద నిజంగానే బాణం కనబడుతుంది. వీటిని లిగేచర్లంటారు, మేం జతగుర్తులంటాం. ఫైల్లో మాత్రం రెండు గుర్తులూ రెండుగానే ఉంటాయి, యంత్రానికి ఏ తేడా తెలియదు.

"అంటే ఉన్నది మారదు, కనబడేది మారుతుంది."

"అంతే."

"ఎవరిస్తారు డబ్బులు?"

"ఎవరూ ఇవ్వరు. ఊరికే తీసుకుంటారు."

"అయితే అది పని కాదమ్మా, రోగం," అన్నాడు.

నిజమే అనిపిస్తోంది. ఊరికే ఇచ్చేదానికే ఎక్కువ పేచీలు. ఒకాయనకి బాణం పొట్టిగా ఉందట, ఇంకొకాయనకి అదే బాణం పొడుగుట. ఒకావిడ తన ప్రోగ్రాము భాషలో మూడు చుక్కలు నాలుగో చుక్కని తోస్తున్నాయని తగువు పెట్టుకుంది. ఎవరో కొత్త భాష కనిపెడతారు, అందులో కొత్త గుర్తులు పెడతారు, వెంటనే మా గుమ్మంలో నిలబడతారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. చెయ్యి కూడా నొప్పెడుతోంది, మణికట్టు నుంచి మోచేతి దాకా. అయినా ఉత్తరాలన్నిటికీ జవాబులు వెళ్తున్నాయి, దిగులుపడకు.

రెండో కాగితంలో 'సమానం కాదు' గుర్తు కొట్టివేత మరీ నిటారుగా ఉందా? చూసి చెప్పు.

మీ వదిన
నెవెనా


సోఫియా,
మార్చి చివర

వదినా,

కొంగ ఇంకా కనబడలేదు. మా భవనంలో లిఫ్టు మళ్ళీ పాడైంది, ఏడో అంతస్తు ఎక్కి దిగుతుంటే నేనే కొంగలా తయారయ్యాను. దారం నాకే కట్టుకున్నాను కాబట్టి లెక్క సరిపోయింది.

కాగితాలు దిద్దాను. కొట్టివేత నిటారుగా లేదు, బాగుంది. నాలుగో కాగితంలో రెండు నిలువు గీతల మధ్య ఎడం చాలదు, చిన్న అక్షరాల్లో ఒకటే గీతలా కనబడుతోంది. మిగతావన్నీ సరే.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆఫీసులో వ్యారా అని కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. నా పక్క బల్లే. బ్రియాగ్ వాడుతుంది. అది గీసినవాడు మా అన్నయ్యేనని నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, చెబితే ఫిర్యాదులన్నీ నా బల్ల మీదకే వస్తాయని. నిన్న పొద్దున్న కోటు విప్పుతూనే, "స్తామెన్ గారూ, ఓగ్న్యాన్ గారు నాకు జవాబిచ్చారు!" అంది.

"ఏ ఓగ్న్యాన్?" అన్నాను.

"ఫాంట్ ఓగ్న్యాన్ గారండీ. నిన్ననే. చూడండి, ఎంత బాగా తిట్టారో."

చూశాను. 'అమ్మాయీ, ముందు కొత్త వెర్షన్ పెట్టుకో, తర్వాత నన్ను తిట్టు. అప్పటికీ బాణం విరిగితే చెప్పు, మిగిలింది నేనే విరుస్తాను' అని ఉంది. కింద ఓగ్న్యాన్ అని పేరు.

మంచినీళ్ళకి వెళ్ళినట్టు వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. అది అన్నయ్య గొంతే. ఆ 'ముందు' అనడం, ఆ 'మిగిలింది నేనే' అనడం ఆయనవే. తర్వాత అందరూ ఫిర్యాదులు రాసే ఆ ఫాంట్ పేజీ అంతా తిరగేశాను. పోయినవారం, అంతకు ముందువారం, శీతాకాలమంతా జవాబులే. ఏ ఒక్కచోటా ఆయన లేడన్న మాట లేదు.

గుంటలో పిడికెడు మట్టి నేనూ వేశాను కదా. ఎవరీ ఓగ్న్యాన్?

స్తామెన్


రూసె,
ఈస్టర్ వెళ్ళిన వారం

ఎవరీ ఓగ్న్యాన్ అని అడిగావు. నేనే. చాలా?

ఆ ప్రశ్నకి మొదట కోపం వచ్చింది, అందుకే మూడు వారాలు జవాబు రాయలేదు. ఈస్టరుకి గుడ్లకి రంగేసి, నా గుడ్డుకి ఎదురు గుడ్డు పట్టి కొట్టేవాళ్ళు లేక, ఎడమ చేతిలోది కుడి చేతిలోదానితో కొట్టాను. రెండూ పగిలాయి. కోపం తగ్గింది, రాస్తున్నాను.

నలభయ్యో రోజు గుర్తుందా? నువ్వు సాయంత్రం బండికి వెళ్ళిపోయావు. సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచి, వైన్ ఒలకబోసి, ఇంటికొచ్చాను. బూట్లయినా విప్పకుండా ఆయన కుర్చీలో కూర్చున్నాను. కంప్యూటర్ తెరిచాను, ఎందుకో నాకే తెలియదు. ఎవరో రాశాడు: 'ఓగ్న్యాన్, బతికే ఉన్నావా? నెల దాటింది, ఉలుకూ పలుకూ లేదు.' సరదాకే రాశాడు, పాపం. వాడికేం తెలుసు?

లేడని రాయబోయాను స్తామెన్. వేళ్ళు ఆ మాట కొట్టలేదు. 'ఉన్నాను. కాస్త నలత. చూస్తాను' అని కొట్టాయి. కింద ఆయన పేరు దానంతటదే పడింది. వాడు వెంటనే, 'హమ్మయ్య' అన్నాడు. ఆ రోజు ఊళ్ళో అందరూ నాతో 'దేవుడు ఆయన్ని క్షమించుగాక' అన్నారు. ఆ ఒక్కడే హమ్మయ్య అన్నాడు. ఆ మాట కోసం మర్నాడూ కూర్చున్నాను, ఆ మర్నాడూ కూర్చున్నాను.

ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను, ఎలా తిడతాడో నాకు తెలియదా? ఆయన తిట్లలో సగం నా మీద సానబెట్టినవే.

ఇప్పుడు నువ్వు విను. నేను చేసే ఉద్యోగం నీకు తెలుసు, చనిపోయినవాళ్ళ ఫొటో పెట్టి, నల్ల అంచు కట్టి, సంతాపపత్రాలు కూర్చడం. ఆయన పోయినప్పుడు కూర్చాను. నలభై రోజులకి, ఆరు నెలలకి, ఏడాదికి కూర్చాను. నేనే అచ్చువేశాను, నేనే జిగురు డబ్బా పట్టుకుని తిరిగాను. మా వీధి తలుపు మీద, లిండెన్ చెట్టు మీద, బస్టాపులో, రొట్టెల దుకాణం గోడ మీద. ఈ ఊళ్ళో ఆయన అడుగడుగునా చచ్చిపోయి ఉన్నాడు. రొట్టె కొనుక్కోవడానికి వెళ్తే మొగుడి చావు చదివి రావాలి. ఒక్కచోట బతికుంటే నీకేం నష్టం? నీ సొమ్మేం పోయింది?

ఇంకొకటి. వ్యారాకి నువ్వేం జవాబు చెప్పావో నీ ఉత్తరంలో రాయలేదు. నన్ను నిలదీశావు, బాగుంది. నువ్వేమన్నావు?

నెవెనా


సోఫియా,
మే నెల

వదినా,

ఏమీ అనలేదు. 'మంచిది, అదృష్టవంతురాలివి' అన్నాను. ఆ అమ్మాయి కాఫీ కూడా ఇప్పించింది.

నీకు రాయాలని నాలుగు చిత్తులు రాసి చింపాను. మొదటి దాంట్లో 'మానెయ్యి' అని రాశాను. రెండో దాంట్లో 'దయచేసి మానెయ్యి.' మూడోది గుర్తులేదు. నాలుగోది చింపాక, ఇది నేను అడగదగ్గ విషయం కాదని తోచింది. నీ ఇష్టం. ఎవరికీ నష్టం లేదు.

సెయింట్ జార్జి పండక్కి మేక తెచ్చి కాల్చారు ఇక్కడ, గొర్రెపిల్ల దొరకలేదట. గొర్రెపిల్లే అని అందరం ఒప్పేసుకుని తిన్నాం.

మధ్యాహ్నం భోజనం వేళ ఆ పేజీ తెరిచి చదువుతుంటాను ఈ మధ్య. చాలామంది రాస్తారు సుమా. వాళ్ళెవరో నీకు తెలుసా? లేక ఎవరైనా ఒకటేనా? కొందరిని తిడతావు, కొందరిని తిట్టవు, ఆ లెక్క ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఊరికే అడిగాను.

చెయ్యి డాక్టరుకి చూపించావా?

స్తామెన్


రూసె,
జూన్ మధ్య

మరిదీ,

లిండెన్లు పూశాయి. ఊరంతా వాసన, కిటికీలు తెరిస్తే పువ్వుల వాసనతో పాటు దునవ్ దోమలు వస్తాయి, మూస్తే రెండూ రావు. టీకి పువ్వులు కోసుకుందామని నిచ్చెన దగ్గరికి వెళ్ళి, చెయ్యి ఎత్తలేక తిరిగొచ్చాను. డాక్టరుకి చూపించాను. "విశ్రాంతి ఇవ్వండి," అన్నాడు. "చేతికా, నాకా?" అన్నాను. నవ్వి, ఒక పట్టీ ఇచ్చి పంపాడు. ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను, అక్షరం వంకరపోతే చదువుకో.

వాళ్ళెవరో తెలుసా అన్నావు. తెలియదు. పేర్లు కూడా సొంతవి కావు. ముళ్ళపంది అని ఒకడు దాపురించాడు. రెండు నెలలుగా వాడిది ఒకటే గోల. ప్రోగ్రాముల్లో శీర్షిక కింద సమానం గుర్తులు బారుగా కొట్టి గీతలా వాడతారు చూడు, ఆ బారు మొత్తం కలిసి ఒకే నున్నని గీతలా కనబడాలట. మీ అన్నయ్య ఉంటే ముళ్ళు పీకి చేతిలో పెట్టేవాడు. మూడు గుర్తులకి మించి ఎప్పుడూ కలపలేదు ఆయన. మూడు దాటితే అది గుర్తు కాదు, లేసు అల్లిక అనేవాడు.

నాలుగుసార్లు దాటవేశాను. అయిదోసారి అడిగేసరికి నాకు ఓపిక చచ్చిపోయింది స్తామెన్. వద్దు అనాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే దానికి అడ్డుప్రశ్న వస్తుంది, దానికి మళ్ళీ జవాబు. సరే అంటే ఒక్క పనితో పోతుంది. సరే అన్నాను. కలిపాను. సమానం గుర్తులొక్కటే కలిపితే మిగతావి ఏం పాపం చేశాయని ఇంకొకడు వస్తాడని, చిన్నదనే గుర్తుల బారులూ పెద్దదనే గుర్తుల బారులూ కూడా కలిపేశాను. నిజం చెప్పొద్దూ, అందంగా ఉన్నాయి. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత నీకు తెలుసు, మరిదికి రాసే ఉత్తరం కాబట్టి రాయను.

ఈసారి నీకు ప్రూఫు పంపలేదు. అచ్చువేసి, మడిచి, కవరు మీద చిరునామా రాసే ఓపిక లేక, తెర మీద చూసి సరే అనుకుని వదిలేశాను. అలసిపోయాను. ఆయన బతికుండగా ఇంత పని చేసేవాడని నాకు తెలియలేదు. ఒక మనిషిని బతికించి ఉంచడం ఇంత చాకిరీ అనీ తెలియలేదు.

నెవెనా


సోఫియా,
జూలై చివర

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఊళ్ళ మధ్య తిరిగే బస్సుల వేళలు మా ఆఫీసు చూస్తుందని నీకు తెలుసు. వేళలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. అందులో ఇద్దరం ఒకేచోట మార్పు చేశామనుకో, ఎవరిది ఉంచాలో యంత్రానికి తెలియదు. రెండూ ఉంచేసి, పైన చిన్నదనే గుర్తుల బారు, మధ్యలో సమానం గుర్తుల బారు, కింద పెద్దదనే గుర్తుల బారు పెడుతుంది. అది గీత కాదు వదినా, కేక. 'ఎవరైనా వచ్చి ఇందులో ఒకటి తీసెయ్యండి' అని కేక. ఈ పని చేసేవాళ్ళం దాన్ని చూడగానే ఆగిపోతాం, ఎందుకంటే అది వికారంగా ఉంటుంది. వికారంగా ఉండడమే దాని పని.

వ్యారా తెర మీద అది నున్నని చక్కని అంచులా కనబడింది. పెద్దవాళ్ళెవరో ముచ్చటపడి పెట్టిన అలంకారం అనుకుంది. అలాగే పంపేసింది. వేళల పట్టిక చదివే మా ప్రోగ్రాము తనకు అర్థంకాని వరసల్ని వదిలేసి మిగతావి చదువుకుపోయే రకం, అది పాత వేళా చదివింది, కొత్త వేళా చదివింది. వర్నా బస్సుకి బోర్డు మీద రెండు వేళలు. సముద్రానికి వెళ్ళే జనం, పిల్లలూ రబ్బరు ట్యూబులూ. సగం మంది బస్సు వెళ్ళిపోయాక వచ్చారు. పచ్చళ్ళ సీసాలు మోసుకొచ్చిన ఒక ముసలమ్మ టికెట్లమ్మే అబ్బాయిని గొడుగుతో బాదింది. ఇది నవ్వుకోవడానికి రాయలేదు, జరిగింది.

వ్యారాని అందరి ముందూ నిలబెట్టి కడిగేశారు. ఆ పిల్ల ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఎక్కడ పొరపాటో వెతికి పట్టుకుంది. పట్టుకుని మీ పేజీలో రాసింది. దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. అందరికీ ఎక్కడో ఒకచోట ఇదే జరిగిందట. 'ఓగ్న్యాన్‌కి మతి పోయింది.' 'ముసలాయన తప్పుకుంటే మంచిది.' 'ఇంత బాధ్యత లేని మనిషిని ఇన్నాళ్ళు నమ్మాం.' నువ్వు ఈపాటికి చదివే ఉంటావు. భోజనాల దగ్గర వ్యారా, "ఆయన్ని ఎంత గొప్పగా అనుకున్నానో" అంది. నేను తల వంచుకుని సూపు తాగాను. మా అన్నయ్యని నా ముందే అంటే సూపు తాగాను.

ఇంకా ఉంది. ముళ్ళపందిని నేనే.

మార్చి నెలాఖర్లోనే మొదలుపెట్టాను, నీకు 'ఎవరీ ఓగ్న్యాన్' అని ఉత్తరం వేసిన వారంలోనే. ఏదో చిన్న ప్రశ్న అడిగాను. 'కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదువు' అని జవాబొచ్చింది. అది చదివి ఆఫీసులో పెద్దగా నవ్వాను, అందరూ తిరిగి చూశారు. నువ్వేనని తెలుసు. తెలిసీ అడుగుతూనే ఉన్నాను. తర్వాత, తిట్టు తినడానికి ఏం అడిగితే బాగుంటుందా అని ఆలోచించి, ఆ బారు సంగతి పట్టుకున్నాను. మూడుకి మించి ఎందుకు కలపకూడదో అన్నయ్య నాకు మీ వంటింట్లో బల్ల గుద్ది చెప్పాడు. అది అడిగితే అన్నయ్య అగ్గి మీద గుగ్గిలం అవుతాడు. ఆ గుగ్గిలమే నాకు కావాలి. నాలుగుసార్లు మెత్తగా తప్పించావు. అయిదోసారి తప్పకుండా పేలుతుందని చూశాను.

'సరే, చేస్తాను' అని వచ్చింది.

ఆ సరే చదివాక నాకు తెలిసింది వదినా, అన్నయ్య లేడని. మట్టి వేసినప్పుడు తెలియలేదు.

వద్దని అప్పుడే చెప్పాల్సింది. చెబితే నేనెవరో తెలిసిపోతుందని ఊరుకున్నాను.

స్తామెన్


రూసె,
ఆగస్టు

తిట్లు కావాలన్నావుగా, తీసుకో. గాడిదా. యాభై దాటినా బుద్ధిరాని గాడిదా. తిట్టు కావాలంటే రూసె బండెక్కి నా గుమ్మంలోకి రావాల్సింది, చీపురుతో సహా పెట్టేదాన్ని. చేతికి పట్టీ కట్టుకుని, వాడెవడో పరాయివాడు రెండు నెలలుగా అడుగుతున్నాడే పాపం అని నీ కోసం రోజుల తరబడి కూర్చుని కలిపాను.

అయిపోయింది. నీ మీద ఇంకా కోపం ఉంది కానీ ఓపిక లేదు.

కలిపిన బారులన్నీ ఆ రోజే విడగొట్టి కొత్త వెర్షన్ పంపించాను. ఫాంట్ వెనక్కి వచ్చింది, మాటలు వెనక్కి రావు. రోజూ చదువుతున్నాను. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు స్తామెన్. తిక్కమనిషి అన్నారు, మొండివాడన్నారు. అజాగ్రత్త అని అనలేదు. ఒక గీత కోసం వారం రోజులు కూర్చునే మనిషిని అజాగ్రత్త అంటున్నారు. చేసింది నేను. ఆయన పేరు కప్పుకుని చేశాను, రాళ్ళు ఆయనకి తగులుతున్నాయి.

క్షమాపణ రాయడానికి కూర్చున్నాను. 'పొరపాటు నాదే, మన్నించండి' అని కొట్టి, కింద ఆయన పేరు చూసి ఆగిపోయాను. చచ్చిపోయిన మనిషి చేత, చెయ్యని తప్పు ఒప్పించాలా? మొత్తం చెరిపేశాను.

అది కుదరకపోతే మిగిలింది ఒకటే దారి. ఆయన లేడని చెప్పాలి. చెబితే అక్కడ కూడా పోతాడు. చెప్పకపోతే అక్కడ చెడ్డపేరుతో బతుకుతాడు. వారం రోజులుగా ఈ రెంటి మధ్య నలుగుతున్నాను. ఎటు చూసినా నాకే నష్టం, కాబట్టి ఆయనకి నష్టం లేనిదే చేస్తాను.

కానీ రాయడం చేతకావడం లేదు. ఇన్నేళ్ళు ఇదే పని కదా నాది. 'ప్రియమైన భర్త, సోదరుడు, మేనమామ' అని కళ్ళు మూసుకుని కూర్చగలను. వాళ్ళకి ఆయన భర్త కాదు, సోదరుడు కాదు, ఏమవుతాడు? నువ్వు ఆ మనుషుల్లో ఒకడివి, నీకు తెలుసు. నువ్వు రాసి పంపు, నేను పెడతాను.

నెవెనా


సోఫియా,
ఆగస్టు

వదినా,

గాడిద నమస్కరిస్తున్నాడు. ప్రతి తిట్టూ రెండుసార్లు చదివాను. ఇవి అన్నయ్యవి కావు, నీవే. నాకు సరిపోయాయి.

నేను రాయను. బాధ పంచుకోవడం ఇష్టం లేక కాదు. నేను రాసి నువ్వు పెడితే, ఒకరి మాట ఇంకొకరి పేరు మీద మళ్ళీ వెళ్తుంది. ఇప్పటికి చాలు. ఏమవుతాడు అనడిగావు కాబట్టి అదొక్కటీ చెబుతాను: పొద్దున్న కంప్యూటర్ తెరిచినప్పటి నుంచి మూసేదాకా మేం చూసే ప్రతి గుర్తూ ఆయన చేతిదే. అంతకన్నా చుట్టరికం ఏముంటుంది? ఉన్నది ఉన్నట్టు రాయి.

వ్యారాకి చెప్పేశాను. ఆయన మా అన్నయ్య అని, లేడని, ఎప్పుడు పోయాడో కూడా. తనకొచ్చిన ఆ జవాబు తెర మీద మళ్ళీ తెరిచి చదివింది. తర్వాత, "అయితే నన్ను తిట్టింది ఎవరండీ?" అంది.

"మా వదిన."

"బాగా తిడతారు," అంది. అని, తను పేజీలో రాసింది తీసేస్తానంది. వద్దన్నాను. వదిన చూసుకుంటుందన్నాను.

నువ్వు రాసే రోజు చెప్పు, బండెక్కి వస్తాను.

స్తామెన్


రూసె,
సెప్టెంబరు చివర

స్తామెన్‌కి,

రోజు చెప్పకుండానే రాసేశాను. నువ్వొస్తే ఇద్దరం వంటింట్లో కూర్చుని ఏడుస్తాం, పని జరగదు.

ఇలా రాశాను: 'ఈ ఫాంట్ గీసిన ఓగ్న్యాన్ కిందటేడు జనవరిలో చనిపోయాడు. ఆయన మూడుకి మించి గుర్తులు ఎన్నడూ కలపలేదు. బారులు కలిపింది నేను, పొరపాటు నాది. ఆయన పోయినప్పటి నుంచి మీకు జవాబిస్తున్నదీ నేనే. మిమ్మల్ని మోసం చేయాలని కాదు, ఆయన లేడని చెప్పే ధైర్యం లేక. నెవెనా, ఆయన భార్య.' నల్ల అంచు పెట్టలేదు.

అది పంపి, మిరపకాయలు కాల్చడానికి పెరట్లోకి వెళ్ళిపోయాను. వీధి వీధంతా కాలుస్తున్నారు, పొగలో ఎవరి కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయో ఎవరూ అడగరు. ఒలిచి, రుబ్బి, సీసాల్లో పెట్టి, సాయంత్రానికి లోపలికొచ్చి చూశాను. ఇద్దరు ముగ్గురు నన్ను కడిగేశారు, వాళ్ళ తప్పు లేదు. మిగతా అందరూ ఏవేవో భాషల్లో ఓదార్పులు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారే, మతి పోయిందన్నవాడే మహానుభావుడన్నాడు. కానీ ఆయన అజాగ్రత్త మనిషన్న మాట ఆ తర్వాత ఎక్కడా లేదు. నాకు కావలసింది అదే.

తర్వాత నిశ్శబ్దం. ఎవరూ ఏమీ అడగలేదు. జాలిపడ్డారో, ఆయన లేకపోతే ఎవరున్నారని అనుకున్నారో. రోజూ తెరిచేదాన్ని, ఖాళీ. ఏడాదిన్నర ఆ ఉత్తరాలకి విసుక్కున్నదాన్ని, రాకపోతే ఇంత చలేస్తుందని అనుకోలేదు. చెయ్యి మాత్రం కాస్త నయమైంది.

నిన్న ఒకటి వచ్చింది. పోర్చుగల్ నుంచి ఒకావిడ. మొదటి మాటే 'నెవెనా గారికి' అని ఉంది. ఆ పేజీలో నా పేరుపెట్టి నాకు రాసిన మొదటి మనిషి ఆవిడ. సంతాపం లేదు, ఓదార్పు లేదు. ఎడమవైపు తిరిగే బాణం ములుకు, కుడివైపు తిరిగే దానికన్నా ఒక్క వెంట్రుకవాసి కిందకి ఉందట. ఏళ్ళుగా చూస్తోందట, ఓగ్న్యాన్ గారికి చెప్పాలంటే భయమేసిందట.

ఎంత ధైర్యం అనుకున్నాను. ఆ బాణం ఆయన మొట్టమొదట గీసింది. అచ్చువేసి, భూతద్దం పెట్టి, కాగితం తిప్పి చూశాను. ఆవిడ చెప్పింది నిజం స్తామెన్. వంకరగా ఉంది. నువ్వూ నేనూ ఎన్ని ప్రూఫులు చూశామో, మనకి కనబడలేదు. ఆయన గీశాడు కాబట్టి అదే నేరుగా ఉందనుకున్నాం.

ఇన్నాళ్ళూ కొత్తవి కలిపాను తప్ప ఆయన గీసినది ఒక్కటీ ముట్టుకోలేదు. ఆ గీతల్లో ఆయన చెయ్యి అలాగే ఉందని, నేను కదిపితే అది పోతుందని. కుర్చీలో కూర్చున్నాను. ఆ ములుకు పట్టుకుని, వెంట్రుకవాసి పైకి జరపడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. జరిపాక ఏడ్చాను, నలభయ్యో రోజు కూడా అంత ఏడవలేదు.

ఇప్పుడు నేరుగా ఉంది.

నెవెనా